నమ్మకాలు మారిన మనిషి - సిడ్నీ రిగ్డన్

గోడమీద పిల్లి అని మనం ఒక మాట వాడుతుంటాం. నిన్న ఒక పక్షాన ఉండి ఇవాళ మరో పక్షాన కనిపించిన వాడిని అలా అనేసి ఊరుకుంటాం. రాజకీయాల్లో దాన్ని ఫిరాయింపు అంటారు. మతంలో అయితే ద్రోహం అంటారు. కాని అభిప్రాయం మార్చుకున్న ప్రతివాడూ గోడమీద పిల్లేనా? నిజం కోసం వెతుకుతూ వెతుకుతూ ఇల్లు మారినవాడు కూడా ఉండవచ్చు కదా! ఈ ప్రశ్నకి జవాబు చెప్పుకోవడానికి అమెరికాలో మార్మన్ మతం పుట్టిన తొలి రోజుల్లో దాని ప్రవక్త తర్వాత అంతటివాడుగా వెలిగి, చివరికి ఆ మతం నుంచే వెలి అయిన సిడ్నీ రిగ్డన్ జీవితం కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

రిగ్డన్ 1793 ఫిబ్రవరి 19న పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పిట్స్‌బర్గ్ పట్టణానికి కొద్ది మైళ్ళ దూరంలో ఒక రైతు ఇంట పుట్టాడు. ఆ పల్లెల్లో ఒక విచిత్రమైన ఆనవాయితీ ఉండేదట. పొలం పనికి ఒళ్ళు సహకరించని పిల్లవాణ్ణే పై చదువులకి పంపేవారు. బలంగా ఉన్నవాడు నాగలి పట్టాల్సిందే. అన్నదమ్ముల్లో ఒకడు బలహీనుడు కాబట్టి చదువుకుని వైద్యుడయ్యాడు. సిడ్నీ ఎంత బతిమాలినా తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. రాత్రిళ్ళు చదువుకుందామంటే కొవ్వొత్తి ఇవ్వలేదు. అందుకని హికరీ చెట్టు బెరడు పోగుచేసి తెచ్చి, పొయ్యిలో వేసి, ఆ మంట వెలుగులో చరిత్ర పుస్తకాలు, బైబిలు, వ్యాకరణం చదివేవాడని ఆయన కొడుకు తర్వాతి కాలంలో రాశాడు. ఆ చదువు ఊరికే పోలేదు. బైబిలు దాదాపు కంఠస్థం అయింది. దానికి తోడు భగవంతుడు మంచి గొంతు ఇచ్చాడు. ఈ రెండే ఆయన ఆస్తి. ఆయన్ని పైకి తెచ్చినవీ ఇవే, పడదోసినవీ ఇవే.

1817లో ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆయన బాప్టిస్టు సంఘంలో చేరాడు. రెండేళ్ళలో ప్రసంగించడానికి అనుమతి పొంది, పక్క రాష్ట్రమైన ఒహాయోకి వెళ్ళాడు. 1820లో ఫీబీ బ్రూక్స్‌ను పెళ్ళాడాడు. ఆ మరుసటి ఏడే అలెగ్జాండర్ కాంప్‌బెల్ అనే సంస్కర్తతో పరిచయం కలిగింది. రాత్రంతా ఇద్దరూ మాట్లాడుకుంటూ కూర్చున్నారు. కాంప్‌బెల్ వాదం చాలా సూటిగా ఉంటుంది. క్రైస్తవంలో ఇన్ని శాఖలు ఎందుకు వచ్చాయి? మనుషులు రాసుకున్న సిద్ధాంత పత్రాల వల్ల. అవన్నీ పక్కన పెట్టి కొత్త నిబంధన కాలంనాటి సంఘం ఎలా ఉండేదో అలాగే మళ్ళీ కట్టుకుందాం అన్నది ఆయన పిలుపు. రిగ్డన్ మనసుకి ఇది బాగా ఎక్కింది. ఇక చనిపోయేదాకా ఆయన్ని వదలని ఆలోచన ఇదే.

1822లో పిట్స్‌బర్గ్‌లోని బాప్టిస్టు సంఘానికి పాస్టరుగా పిలుపు వచ్చింది. పట్టణంలో పెద్ద సంఘం, మంచి జీతం. కాని ఏడాదిన్నర తిరక్కుండానే పేచీ వచ్చింది. తను నమ్మిన కొత్త సంగతులు వేదిక మీద చెప్పకుండా ఉండలేకపోయాడు. 1823లో పదవి పోయింది. భార్యాబిడ్డల్ని పోషించుకోవడానికి రెండేళ్ళు తోళ్ళు పదునుచేసే పనిలో కూలికి కుదిరాడు. నిన్నటిదాకా వేదిక మీద ఉపదేశం చేసిన మనిషి నేడు సున్నపు తొట్టెల పక్కన నిలబడి తోళ్ళు గీరవలసి వచ్చింది. నోరు మూసుకుని ఉంటే ఆ బాధ తప్పేది. మూసుకోలేదు. ఇది మొదటి మార్పు, మొదటి నష్టం.

తర్వాత మళ్ళీ ఒహాయో చేరి, మెంటర్ అనే ఊళ్ళో కాంప్‌బెల్ పక్షపు బోధకుడుగా స్థిరపడ్డాడు. ఆ ప్రాంతంలో ఆయన ప్రసంగం అంటే జనం బళ్ళు కట్టుకుని వచ్చేవారు. కాని ఇక్కడా ఒక ముల్లు గుచ్చుకుంది. అపొస్తలుల కాలంలో విశ్వాసులు తమ ఆస్తులన్నీ ఉమ్మడిగా పెట్టుకున్నారు కదా, మనం ఆనాటి సంఘాన్ని నిజంగా తిరిగి కడుతున్నవాళ్ళమే అయితే అది మాత్రం ఎందుకు వదిలెయ్యాలి అని రిగ్డన్ అడిగాడు. కాంప్‌బెల్‌కి ఇది నచ్చలేదు. 1830 ఆగస్టులో జరిగిన సభలో ఇద్దరికీ బహిరంగంగానే చెడింది. అప్పటికే కర్ట్‌లండ్ అనే పక్క ఊళ్ళో రిగ్డన్ శిష్యులు కొన్ని కుటుంబాలవాళ్ళు ఒక పొలం మీద ఉమ్మడి జీవనం మొదలుపెట్టి ఉన్నారు.

సరిగ్గా ఆ శరత్కాలంలోనే నలుగురు యువకులు ఆయన గుమ్మం ముందు నిలబడ్డారు. వారిలో పార్లీ ప్రాట్ అనేవాడు రిగ్డన్ బోధ విని మారినవాడే. మరొకడు ఆలివర్ కౌడరీ. ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి. వాళ్ళ చేతిలో ఒక కొత్త పుస్తకం ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే రైతు బిడ్డ, దేవదూత చూపించిన బంగారు రేకుల నుంచి దైవశక్తితో అనువదించానని చెప్పి ఆ ఏడాదే అచ్చువేయించిన మార్మన్ గ్రంథం అది. 1830 ఏప్రిల్ 6న స్మిత్ తన సంఘాన్ని స్థాపించాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగు.

రిగ్డన్ మొదట పుస్తకాన్ని తోసిపుచ్చాడు. ఒక బైబిలు ఉండగా ఇంకొకటి దేనికని వాదించాడు. అయినా వచ్చినవాళ్ళని తన చర్చిలోనే మాట్లాడనిచ్చాడు. ఆ సహనం చూడండి. తర్వాత సుమారు రెండు వారాలు తలుపులు మూసుకుని పుస్తకం చదివాడు. మెంటర్ సంఘంవాళ్ళు అప్పుడే ఆయన కోసం కొత్త ఇల్లు కట్టిస్తున్నారు. ఈ మతంలో చేరితే ఆ ఇల్లు దక్కదు, జీతం ఉండదు. భార్యను కూర్చోబెట్టి, నా వెంట ఒకసారి దరిద్రం అనుభవించావు, మళ్ళీ సిద్ధమేనా అని అడిగాడు. ఆమె సిద్ధమే అన్నది. 1830 నవంబరులో ఇద్దరూ బాప్తిస్మం పొందారు. కొద్ది వారాల్లోనే కర్ట్‌లండ్ పరిసరాల్లో వందకు పైగా జనం వారి వెంట నడిచారు. కొత్త సంఘం సభ్యుల సంఖ్య ఒక్క దెబ్బతో రెట్టింపుకి దగ్గరగా పెరిగింది.

ఎందుకు నమ్మాడు? ఆలోచిస్తే అర్థమవుతుంది. ఆదిమ సంఘం తిరిగి రావాలని పదేళ్ళుగా కలలు కంటున్నవాడికి, అపొస్తలుల కాలంలో మాదిరిగా ప్రవక్తలు, దైవవాణి, ఉమ్మడి జీవనం అన్నీ ఒక్కచోట కనిపించాయి. మతం మారాడని లోకం అన్నది. గమ్యం చేరానని ఆయన అనుకున్నాడు.

స్మిత్‌కి చదువు తక్కువ, చొరవ ఎక్కువ. రిగ్డన్ ఆయనకంటే పన్నెండేళ్ళు పెద్ద, పండితుడు. ఇద్దరికీ చక్కగా కుదిరింది. స్మిత్ బైబిలును సవరించి చెబుతుంటే రిగ్డన్ లేఖకుడుగా రాసేవాడు. 1832 ఫిబ్రవరిలో ఒహాయోలోని హైరమ్ అనే ఊళ్ళో ఇద్దరికీ కలిసి ఒక దర్శనం కలిగిందని ప్రకటించారు. స్వర్గం నరకం అని రెండే కావనీ, పరలోక మహిమలో మూడు అంతస్తులున్నాయనీ దాని సారాంశం. నెల తిరిగేసరికి, మార్చి 24 అర్ధరాత్రి, ఒక గుంపు వచ్చి ఇద్దరినీ పక్కల్లోంచి ఈడ్చి, ఒంటినిండా తారు పూసి పక్షి ఈకలు అంటించింది. రిగ్డన్‌ని కాళ్ళు పట్టి గడ్డకట్టిన నేల మీద లాక్కుపోవడంతో తల బాగా చితికింది. చాలా రోజులు సంధి పుట్టినవాడిలా మాట్లాడాడు. ఆ తర్వాత ఆయన మనఃస్థితిలో వచ్చిన హెచ్చుతగ్గులకు ఆనాటి దెబ్బే కారణమని కొందరు చరిత్రకారులు అంటారు.

అయినా వెనక్కి తగ్గలేదు. 1833లో సంఘాధ్యక్షుడైన స్మిత్‌కు ముఖ్య సలహాదారు అయ్యాడు. 1836 మార్చి 27న కర్ట్‌లండ్ దేవాలయ ప్రతిష్ఠ రోజున సుమారు రెండున్నర గంటలసేపు మాట్లాడి జనాన్ని కూర్చోబెట్టాడు. మరుసటి ఏడు మాత్రం తప్పటడుగు పడింది. ప్రభుత్వ అనుమతి లేకుండానే సంఘం ఒక బ్యాంకు పెట్టింది. దానికి రిగ్డన్ అధ్యక్షుడు, స్మిత్ కోశాధికారి. దేశమంతటా ఆర్థిక సంక్షోభం వచ్చిన 1837వ సంవత్సరం అది. నోట్లు చిత్తుకాగితాలయ్యాయి. నమ్మి డబ్బు పెట్టినవాళ్ళు మునిగారు. చాలామంది మతాన్నే వదిలారు. 1838 జనవరిలో నాయకులిద్దరూ రాత్రికి రాత్రి ఊరు విడిచి, సుమారు ఎనిమిది వందల మైళ్ళ దూరంలో మిజోరి రాష్ట్రంలో తమవాళ్ళు కట్టుకున్న ఫార్ వెస్ట్ అనే ఊరికి పారిపోయారు.

ఇక్కడే ఈ కథలో మనం ఆగి ఆలోచించాల్సిన ఘట్టం ఉంది.

ఫార్ వెస్ట్‌లో అప్పటికే కొందరు పెద్దలు సంఘ నాయకత్వంతో విభేదించి బయటపడ్డారు. మన సొంత ఆస్తిపాస్తుల వ్యవహారాల్లో సంఘం జోక్యమేమిటన్నది వాళ్ళ వాదాల్లో ఒకటి. వాళ్ళెవరో అనామకులు కారు. ఒకరు ఆలివర్ కౌడరీ. ఎనిమిదేళ్ళ కిందట పుస్తకం పట్టుకుని రిగ్డన్ గుమ్మం తొక్కిన ఆ యువకుడే. ఇంకొకరు డేవిడ్ విట్మర్. ఈయన తండ్రి ఇంట్లోనే మార్మన్ సంఘం పుట్టింది. ఏప్రిల్‌లో ఇద్దరినీ సంఘం నుంచి తొలగించారు. తొలగించినా ఊళ్ళోనే కాపురం ఉన్నారు.

1838 జూన్ 17న రిగ్డన్ ప్రసంగ వేదిక ఎక్కాడు. సారం పోయిన ఉప్పును గురించి సువార్తలో ఉన్న వాక్యం తీసుకున్నాడు. అలాంటి ఉప్పుని బయట పారేసి తొక్కాల్సిందే కదా అన్న అర్థం వచ్చేలా విరగదీసి మాట్లాడాడు. పేర్లు చెప్పలేదు. చెప్పనక్కరలేకపోయింది. వెంటనే ఊరు విడిచి పొమ్మని ఆ విభేదించినవాళ్ళకు ఒక తాఖీదు వెళ్ళింది. దాని కింద ఎనభై మందికి పైగా సంతకాలు చేశారు. కౌడరీ, విట్మర్‌లు ప్రాణభయంతో కుటుంబాలను సైతం వెనక వదిలి పారిపోయారు.

బాప్టిస్టుల్లో ఉండి బాప్టిస్టు సిద్ధాంతాన్ని కాదన్నవాడు, కాంప్‌బెల్‌తో ఉండి కాంప్‌బెల్‌ని ఎదిరించినవాడు, రెండుసార్లూ మనస్సాక్షి పేరు చెప్పి బయటికొచ్చినవాడు, మరొకడి మనస్సాక్షికి మాత్రం ఊళ్ళో చోటు లేదన్నాడు. తను దాటివచ్చిన గుమ్మానికి తనే గొళ్ళెం పెట్టాడు.

రెండు వారాల తర్వాత జూలై 4, అమెరికా స్వాతంత్ర్య దినం. రిగ్డన్ మళ్ళీ మాట్లాడాడు. మా మీదికి ఇక ఏ గుంపు వచ్చినా ఊరుకోం, అది ఒకరినొకరు నిర్మూలించుకునే యుద్ధమే అవుతుందని హెచ్చరించాడు. జనం ఉర్రూతలూగారు. ఆ ప్రసంగాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేసి పంచారు కూడా. అది ఇరుగుపొరుగువాళ్ళ చేతుల్లోనూ పడింది. అప్పటికే భూములు, ఓట్ల విషయంలో మార్మన్లంటే గుర్రుగా ఉన్న మిజోరివాసులకు కావలసిన సాకు దొరికింది. ఆగస్టులో ఎన్నికల రోజున కొట్లాట జరిగింది. అక్టోబరుకి ఇరుపక్షాలూ ఇళ్ళు తగలబెట్టుకునేదాకా వెళ్ళింది. అక్టోబరు 27న గవర్నరు బాగ్స్ మార్మన్లను నిర్మూలించాలి లేదా రాష్ట్రం నుంచి తరిమెయ్యాలి అని ఉత్తరువు ఇచ్చాడు. రిగ్డన్ వేదిక మీద వాడిన నిర్మూలన అన్న మాటే ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కింది. మూడోనాడు హాన్స్ మిల్ అనే చిన్న పల్లెలో పదిహేడు మంది మార్మన్లను కాల్చిచంపారు. వారిలో పిల్లలు కూడా ఉన్నారు. ఆ చలికాలంలో వేలాది కుటుంబాలు కట్టుబట్టలతో తూర్పున ఇల్లినాయి రాష్ట్రానికి నడిచిపోయాయి. ఈ నేరమంతా ఒక్క ఉపన్యాసం మీద నెట్టడం న్యాయం కాదు. చంపినవాళ్ళే హంతకులు. అయితే ఎండుగడ్డి వాము పక్కన నిలబడి నిప్పు రాజేసినవాడి బాధ్యత కూడా లేకపోలేదు.

రిగ్డన్, స్మిత్ తదితరులు లిబర్టీ అనే ఊరి జైల్లో పడ్డారు. జబ్బుతో ఉన్న రిగ్డన్ న్యాయమూర్తి ముందు తన కేసు తనే వాదించుకున్నాడు. ఆ వాదన విని కళ్ళు చెమర్చని వాళ్ళు లేరట. 1839 ఫిబ్రవరిలో అందరికంటే ముందు విడుదలయ్యాడు. వేలమందిని నిరాశ్రయులను చేయడంలో పాలు పంచుకున్న గొంతు తనవాణ్ణి మాత్రం కాపాడుకుంది.

ఇల్లినాయిలో మార్మన్లు నావూ అనే కొత్త పట్టణం కట్టుకున్నారు. కాని రిగ్డన్‌లో మునుపటి జోరు లేదు. ఒకపక్క చలిజ్వరం, మరోపక్క దిగులు. 1842లో పిడుగులాంటి సంగతి బయటపడింది. స్మిత్ రహస్యంగా బహుభార్యాత్వం ఆచరిస్తూ, రిగ్డన్ కూతురు నాన్సీని కూడా అందుకు అడిగాడు. పందొమ్మిదేళ్ళ ఆ పిల్ల ఒప్పుకోలేదు. ఇంట్లో చెప్పేసింది. స్నేహం విరిగిపోయింది. 1843 అక్టోబరులో రిగ్డన్‌ని పదవి నుంచి తీసెయ్యాలని స్మిత్ సభలో ప్రయత్నిస్తే, సభ్యులు మాత్రం ఉంచాలనే ఓటు వేశారు. మరుసటి ఏడు స్మిత్ అమెరికా అధ్యక్ష పదవికి పోటీ ప్రకటించి, ఉపాధ్యక్ష అభ్యర్థిగా రిగ్డన్‌నే పెట్టుకున్నాడు. ఆ పని మీదే రిగ్డన్ పిట్స్‌బర్గ్ వెళ్ళాడు. ఆయన అక్కడ ఉండగా, 1844 జూన్ 27న కార్తేజి జైల్లో స్మిత్‌ని, ఆయన అన్న హైరమ్‌ని ఒక గుంపు కాల్చిచంపింది.

ఆగస్టు 3న రిగ్డన్ నావూకి తిరిగివచ్చాడు. 8వ తేదీన వేలమంది ఎదుట ఒక బండి మీద నిలబడి, సంఘానికి సంరక్షకుడుగా తనను ఒప్పుకోవాలని గంటన్నరసేపు మాట్లాడాడు. జీవితంలో ఎన్నడూ ఓడని గొంతు ఆరోజు ఓడింది. మధ్యాహ్నం బ్రిగమ్ యంగ్ లేచి, అధికారం పన్నెండుమంది అపొస్తలులది అన్నాడు. జనం యంగ్ పక్షాన చేతులెత్తారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 8న, రిగ్డన్ హాజరు లేకుండానే విచారణ జరిపి వెలివేశారు. ఆయనకు అనుకూలంగా చెయ్యెత్తిన కొద్దిమందిని కూడా సభ్యత్వం నుంచి ఆపివేశారు. ఆరేళ్ళ కిందట తను కౌడరీకి, విట్మర్‌కి పెట్టిన శిక్ష చుట్టు తిరిగి తన గుమ్మానికే వచ్చింది.

మిగిలిన కథ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1845లో పిట్స్‌బర్గ్‌లో సొంత సంఘం పెట్టి బహుభార్యాత్వాన్ని బాహాటంగా ఖండించాడు. మరుసటి ఏడు పెన్సిల్వేనియాలోనే ఒక పొలం కొని మళ్ళీ ఉమ్మడి జీవనం ప్రయత్నించాడు. అప్పులు తీరక 1847కి అదీ కూలిపోయింది. చివరికి న్యూయార్క్ రాష్ట్రంలో, అల్లుడు స్థిరపడిన ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్ళో శేషజీవితం గడిపాడు. ఆ ఊరి పేరుకి స్నేహం అని అర్థం. ఆయనకి మాత్రం అక్కడ మిగిలిన స్నేహితులు కొద్దిమందే. 1860లలో స్టీఫెన్ పోస్ట్ అనే శిష్యుడి ద్వారా మరో చిన్న సంఘం నడిపాడు. తను కదలకుండా ఉత్తరాల్లోనే దైవవాణులు పంపేవాడు. 1876 జూలై 14న, ఎనభై మూడేళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఒక్క సంగతి మిగిలింది. మార్మన్ గ్రంథాన్ని స్మిత్ కాదు, రిగ్డనే తయారుచేశాడనీ, సాల్మన్ స్పాల్డింగ్ అనే ఆయన రాసిన కథను పిట్స్‌బర్గ్ అచ్చాఫీసులోంచి దొంగిలించి మార్చాడనీ 1834లో ఒక పుస్తకం ఆరోపించింది. ఆ అపవాదు ఆయన్ని చచ్చేదాకా వెంటాడింది. ఆయనకి మార్మన్ నాయకుల మీద కోపం ఉంది. వాళ్ళ మీద పగ తీర్చుకోవాలంటే, అవును అది నా రాతే అని ఒక్క మాట అంటే చాలు, ఆ మతం పునాదులు కదిలేవి. అనలేదు. పెద్దయ్యాక కొడుకు నిలదీసి అడిగినా, 1830లో ప్రాట్ తెచ్చి చేతికి ఇచ్చేదాకా ఆ పుస్తకం కంటపడలేదనే చెప్పాడు. ఆయన పోయిన ఎనిమిదేళ్ళకు, 1884లో, స్పాల్డింగ్ రాతప్రతి హవాయి దీవుల్లోని హొనొలులులో బయటపడింది. చూస్తే రెంటికీ పోలిక చాలా తక్కువ.

అంటే, ఆయన గోడమీద పిల్లి కాదు. మారిన ప్రతిసారీ పోగొట్టుకున్నాడే గాని సంపాదించుకోలేదు. ఒకసారి జీతం, ఒకసారి ఇల్లు, ఒకసారి ఊరు పోయాయి. సంఘాలు మారాయి గాని ఆదిమ సంఘం కోసం ఆ వెతుకులాట మారలేదు. ఇందుకు ఆయన్ని గౌరవించాలి. మరి ఆయన తప్పేమిటి? తనకు కావలసిన స్వేచ్ఛ ఎదుటివాడికీ కావాలని, సరిగ్గా అధికారం చేతిలో ఉన్నరోజునే మర్చిపోయాడు.

మిత్రులారా, మన విద్యార్థి సంఘాల్లోనూ ఇది చూస్తూనే ఉన్నాం. నిన్నటిదాకా పక్కన కూర్చుని టీ తాగినవాడు ఒక తీర్మానానికి చెయ్యెత్తకపోతే చాలు, ద్రోహి అనేస్తాం. కరతాళధ్వనుల మధ్య ఆ మాట అనడం చాలా తేలిక. మిజోరి గవర్నరు ఉత్తరువు నూట ముప్ఫై ఏడేళ్ళు కాగితం మీద అలాగే ఉండి, 1976లో, అంటే రిగ్డన్ పోయిన సరిగ్గా నూరేళ్ళకు, ఆ రాష్ట్ర గవర్నరు విచారం వెలిబుచ్చి దాన్ని రద్దుచేశాడు. నోరు జారిన మాటని వెనక్కి తీసుకోవడానికి ఒక్కోసారి అంతకాలం పడుతుంది. వేదిక ఎక్కి మైకు పట్టుకునే ముందు మనలో ప్రతివాడూ ఫార్ వెస్ట్‌లో జూన్ 17న రిగ్డన్ చెప్పిన ఉప్పు ప్రసంగాన్ని ఒకసారి గుర్తుచేసుకుంటే మంచిది.